పాత మోటారు సైకిళ్ళ పునరుద్ధరణ

పాత మోటారు సైకిళ్ళ పునరుద్ధరణ అనగా ఎన్నో ఏళ్ళుగా నడపకుండా మూలపడి ఉన్న మోటారు సైకిలును, సాధ్యమైనంత వరకు దాని అసలు భాగాలతోనే, తిరిగి రోడ్డు మీద నడిచే స్థితికి తీసుకురావడం. ఇది మామూలు మరమ్మతుకు భిన్నమైనది. మరమ్మతులో నిన్నటి వరకు నడిచిన బండిలో ఏ ఒక్క భాగమో పాడై ఉంటుంది. పునరుద్ధరణలో ఏ భాగం బాగున్నదో, ఏది పాడైనదో ముందుగా తెలియదు. ఇరవై ముప్పై ఏళ్ళు నిలిచిపోయిన ఇంజను చాలా సందర్భాలలో పూర్తిగా పాడై ఉండదు. బయటకు తీసిన రోజున ఉత్సాహంతో కొట్టే మొదటి కిక్కే దానికి ఎక్కువ నష్టం కలిగిస్తుంది. అందువలన ఈ పనిలో నైపుణ్యం కంటే ముందు క్రమం, ఓపిక అవసరమవుతాయి.

ఈ వ్యాసంలో హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని, అక్కడి పాత ఇళ్ళలో కనిపించే అవకాశం ఎక్కువగా ఉన్న జావా, ఎజ్డీ, బుల్లెట్, రాజ్‌దూత్ బండ్ల గురించి ప్రధానంగా వివరించబడింది.

ప్రాంతం

మేడ్చల్ పట్టణం సికింద్రాబాదు నుండి నాగపూరు వైపు వెళ్ళే 44వ జాతీయ రహదారిపై ఉంది. శామీర్‌పేట కరీంనగరు వైపు వెళ్ళే రాజీవ్ రహదారిపై ఉంది. ఈ రెండూ 1978 ఆగస్టు 15 వరకు హైదరాబాదు జిల్లాలోను, ఆ తరువాత రంగారెడ్డి జిల్లాలోను ఉండి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో భాగమయ్యాయి. 1970లో కొని, ఒకే ఇంటి పశువుల కొట్టంలో నిలిపి ఉంచిన బండి కదలకుండానే మూడు జిల్లాలు మారిందన్నమాట. ఇది కేవలం చమత్కారం కోసం చెప్పిన మాట కాదు. దీని ప్రభావం బండి పత్రాలపై ఎలా ఉంటుందో ముందు వివరించబడుతుంది.

ఒకప్పుడు ఇవి ద్రాక్ష తోటలు, కూరగాయలు, పాడి ఉన్న పల్లెలు. పెద్ద వాకిళ్ళు, రేకుల కొట్టాలు, గడ్డివాములు ఉన్న ఇళ్ళలో పాత బండిని ఒక మూల నిలపడానికి చోటుకు కరువు ఉండేది కాదు. బాహ్య వలయ రహదారి వచ్చిన తరువాత భూముల ధరలు పెరిగి, పాత ఇళ్ళు కూల్చి కొత్తవి కడుతున్నారు. ఇల్లు ఖాళీ చేసే సమయంలోనే ఇటువంటి బండ్లు బయటపడతాయి. వాటి గతి ఆ ఒకటి రెండు రోజులలోనే తేలిపోతుంది. పాత ఇనుప సామాన్ల వ్యాపారికి బండి విలువ దాని బరువును బట్టి మాత్రమే ఉంటుంది.

వాతావరణం దృష్ట్యా ఈ ప్రాంతం కొంత మేలు. హైదరాబాదు పరిసరాలలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అందులో అధిక భాగం జూను నుండి సెప్టెంబరు వరకే. సముద్రపు ఉప్పు గాలి లేనందున, విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాలలో వలె ఇక్కడ చట్రం పూర్తిగా తినివేయబడడం అరుదు. కాని ఎండాకాలంలో రేకుల కొట్టం కింద తీవ్రమైన వేడి, ఆ వెంటనే వానాకాలపు తేమ, ఇలా ఏటా మారుతూ ఉండడం వలన రబ్బరు భాగాలు బిరుసెక్కి పగులుతాయి.

ఈ ప్రాంతపు పాత బండ్లు

జావా, ఎజ్డీ: చెకొస్లొవేకియాకు చెందిన జావా సంస్థను 1929లో ఫ్రాంటిషెక్ యానెచెక్ స్థాపించాడు. యానెచెక్, వాండరర్ అనే రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే జావా అయింది. ఇండోనేషియాలోని జావా ద్వీపానికి, దీనికి ఏ సంబంధమూ లేదు. ఈ బండ్లను భారతదేశంలో తయారు చేయడానికి మైసూరులో ఐడియల్ జావా సంస్థ ఏర్పడి, 1961లో ఉత్పత్తి ప్రారంభించింది. 1970వ దశకంలో వీటి పేరు ఎజ్డీగా మారింది. సంస్థ స్థాపకులైన ఇరానీల పూర్వీకుల నగరం ఇరాన్‌లోని యజ్ద్. ఆ పేరు నుండే ఎజ్డీ వచ్చింది. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. 1996లో కర్మాగారం మూతపడింది. 2018లో జావా పేరు, 2022లో ఎజ్డీ పేరు క్లాసిక్ లెజెండ్స్ సంస్థ ద్వారా తిరిగి వాడుకలోకి వచ్చినా, కొత్త బండ్ల ఇంజన్లు వేరు. వాటి భాగాలు పాతవాటికి పనికిరావు.

పాత జావా 250 ఇంజను ఒకే సిలిండరు గల రెండు స్ట్రోకుల ఇంజను. సిలిండరు లోపలి వ్యాసం 65 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 75 మిల్లీమీటర్లు. ఒకే సిలిండరు అయినా పొగ గొట్టాలు రెండు ఉంటాయి. ఎడమ వైపు ఉండే ఒకే కడ్డీ కిక్కుగాను, గేరుగాను పనిచేయడం దీని ప్రత్యేకత.

బుల్లెట్: ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్, మద్రాస్ మోటార్స్ సంస్థలు కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పాటు చేశాయి. 346 సి.సి. నాలుగు స్ట్రోకుల ఇంజను గల బుల్లెట్ మద్రాసులో తయారైంది. మాతృసంస్థ ఇంగ్లండులో 1970 నాటికి మూతపడినా మద్రాసు శాఖ కొనసాగింది. విడిభాగాల విషయంలో పాత బండ్లలో బుల్లెట్ యజమానే అదృష్టవంతుడు.

రాజ్‌దూత్: ఎస్కార్ట్స్ సంస్థ పోలండుకు చెందిన ఎస్.హెచ్.ఎల్. బండి ఆధారంగా 1960వ దశకం నుండి తయారు చేసిన 175 తరగతి బండి. గ్రామాలలో పాలు పోసేవారు దీనిని విరివిగా వాడేవారు. ఇంజను సాదాగా ఉంటుంది కనుక మరమ్మతు నేర్చుకునేవారికి ఇది అనువైనది.

వీటితో పాటు సనత్‌నగర్‌లోని హైదరాబాద్ ఆల్విన్ సంస్థ తయారు చేసిన పుష్పక్ స్కూటర్లు కూడా కొన్ని ఇళ్ళలో మిగిలి ఉన్నాయి. స్కూటర్ల పునరుద్ధరణ పద్ధతి చాలా వరకు ఇటువంటిదే.

నిలిచిన బండిలో జరిగే మార్పులు

నడిచే ఇంజనులో లోహభాగాల మీద ఎప్పుడూ పలుచని నూనె పొర ఉంటుంది. ఇంజను ఆగిన కొన్ని నెలలలో ఈ పొర కిందికి జారిపోతుంది. పిస్టన్ ఎక్కడ ఆగితే అక్కడే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. రెండు స్ట్రోకుల ఇంజనులో సిలిండరు గోడకు రంధ్రాలు ఉంటాయి. ఏదో ఒక రంధ్రం తెరిచి ఉన్న స్థితిలో పిస్టన్ ఆగితే, సైలెన్సరు గుండానో కార్బొరేటర్ గుండానో తేమ గాలి లోపలికి చేరుతుంది. సిలిండరు పోత ఇనుముతో, పిస్టన్ అల్యూమినియంతో తయారై ఉంటాయి. ఇనుము తుప్పు పడుతుంది, అల్యూమినియం తెల్లని బూడిద వంటి పొర కడుతుంది. ఈ రెండూ ఉబ్బి, పిస్టన్‌ను, రింగులను సిలిండరు గోడకు బంకతో అతికించినట్లు పట్టివేస్తాయి. దీనినే మెకానిక్కులు ఇంజను పట్టేసింది అంటారు.

క్రాంకు షాఫ్టు విషయంలో రెండు రకాల ఇంజన్లకు తేడా ఉంది. బుల్లెట్‌లో విడిగా ఇంజను నూనె ఉంటుంది కనుక కిందిభాగం కొంతవరకు నూనెలోనే నిలుస్తుంది. జావా, రాజ్‌దూత్‌లలో క్రాంకుకు ప్రత్యేకమైన నూనె లేదు. పెట్రోలులో కలిపిన నూనె మాత్రమే దానిని తడుపుతుంది. బండి ఆగితే ఆ తడి ఆగిపోతుంది. లోపలికి చేరిన తేమ నీరుగా మారి క్రాంకు గది అడుగున చేరుతుంది. కనుక ఈ బండ్లలో పైన సిలిండరు మెరుస్తున్నా, అడుగున బేరింగులు తుప్పు పట్టి ఉండవచ్చు.

ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరైపోయి జిగురు పదార్థాన్ని వదులుతుంది. కార్బొరేటర్‌లోని సన్నని జెట్లు దీనివల్ల మూసుకుపోతాయి. సగం నిండిన ట్యాంకు పగటి వేడికి గాలిని బయటకు వదిలి, రాత్రి చల్లదనానికి తేమ గాలిని లోపలికి పీల్చుతుంది. అందుకే ట్యాంకు తుప్పు పైభాగం నుండి మొదలవుతుంది. పల్లె ఇళ్ళలో మరొక సమస్య ఎలుకలు. గాలి ఫిల్టరు పెట్టెలో, సైలెన్సరులో అవి గూళ్ళు కడతాయి, వైర్లు కొరుకుతాయి. ఎలుక మూత్రం వల్ల అల్యూమినియం గుంటలు పడి పాడవుతుంది.

మొదటి కిక్కుకు ముందు

బండిని బయటకు తీయగానే చేయవలసిన మొదటి పని ఏమీ చేయకపోవడమే. కిక్కు కొట్టరాదు, గేరులో వేసి తోయరాదు, వాహనానికి కట్టి లాగరాదు. దీనికి కారణాలు స్పష్టమైనవి. పట్టేసిన ఇంజనును బలంగా కొడితే కిక్కు పళ్ళు విరుగుతాయి. జావాలో కిక్కు, గేరు కడ్డీ ఒకటే కనుక అక్కడ జరిగే నష్టం ఖరీదైనది. పట్టేయని ఇంజను అయినా, ఎండిన సిలిండరులో తుప్పు రేణువుల మీదుగా రింగులు రాసుకుంటే గోడపై గీతలు పడతాయి. ఫిల్టరులోని గూడు ముక్కలు లోపలికి పోతాయి.

ముందుగా బండిని అన్ని వైపుల నుండి ఫొటోలు తీయాలి. వైర్లు, కేబుళ్ళు ఏ దారిన పోతున్నాయో ఈ ఫొటోల ద్వారా తరువాత తెలుస్తుంది. విప్పిన ప్రతి బోల్టును, వాషరును విడివిడి సంచులలో వేసి చీటీ రాయాలి. మూడు నెలల తరువాత తిరిగి బిగించేటప్పుడు జ్ఞాపకశక్తి మీద ఆధారపడినవారే ఎక్కువగా ఇబ్బంది పడతారు. చట్రం సంఖ్యను, ఇంజను సంఖ్యను ఆర్.సి. పుస్తకంతో పోల్చి చూడడం కూడా ఈ దశలోనే జరగాలి. సంఖ్యలు కలవని బండి మీద ఖర్చు పెట్టడం తెలివైన పని కాదు.

తరువాత స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం గుండా పలుచని నూనె పోయాలి. డీజిలు, ఇంజను నూనె సమపాళ్ళలో కలిపి వాడడం సాధారణం. కారు గేరుపెట్టెలకు వాడే పలుచని ఎర్ర నూనె దొరికితే ఇంకా మంచిది. రెండు మూడు చెంచాలు పోసి, రంధ్రాన్ని గుడ్డతో మూసి, కనీసం మూడు రోజులు, గట్టిగా పట్టేసి ఉంటే రెండు మూడు వారాలు వదిలివేయాలి. మధ్యలో మళ్ళీ కొంచెం పోస్తూ ఉండవచ్చు. ఆ తరువాత బండిని స్టాండు మీద నిలిపి, పై గేరులో వేసి, వెనుక చక్రాన్ని చేతితో ముందుకు, వెనుకకు కొద్దికొద్దిగా ఊపాలి. చక్రం ద్వారా ఇంజనును తిప్పితే బలం మెల్లగా అందుతుంది, ఎక్కడ అడ్డు తగులుతున్నదో చేతికి తెలుస్తుంది. ఒక వెంట్రుకవాసి కదిలినా ఆ రోజుకు అది చాలు. మరునాడు మళ్ళీ నూనె పోసి ప్రయత్నించాలి.

ఎన్నాళ్ళకూ కదలకపోతే సిలిండరు హెడ్డు విప్పి చూడక తప్పదు. పిస్టన్ తలపై సుత్తితో కొట్టడం పల్లె షెడ్లలో కనిపించే అలవాటే గాని, దాని వలన పిస్టన్ పగలవచ్చు, కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు. సిలిండరును బయటి నుండి వేడి చేసి, చెక్కదిమ్మెతో మెల్లగా తట్టడమే సరైన పద్ధతి. అయితే వేడి చేసే ముందు, నానబెట్టడానికి పోసిన నూనెను, డీజిలును పూర్తిగా తుడిచివేయాలి.

ఇంజను

పిస్టన్ స్వేచ్ఛగా కదిలిన తరువాత సిలిండరును పరిశీలించాలి. రింగులు ఆగిన చోట గోడపై తుప్పు గీత ఉంటుంది. గోరుతో తడిమినప్పుడు అది తగలకపోతే రాపిడితో సరిచేయవచ్చు. గోరుకు తగిలితే సిలిండరును లేతు మీద కొంచెం పెద్దది చేసి, దానికి తగిన పెద్ద పిస్టన్ వేయాలి. దీనిని బోరు కొట్టించడం అంటారు. పెద్ద పిస్టన్లు సాధారణంగా 0.25 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ దొరుకుతాయి. 65 మిల్లీమీటర్ల జావా సిలిండరు మొదటిసారి 65.25, తరువాత 65.50 అవుతుంది. దీనికి ఒక హద్దు ఉంది కనుక అవసరానికి మించి కొట్టించరాదు. ముందు పిస్టన్ కొని, దాని కొలతను బట్టి బోరు కొట్టించాలి. ఈ వరుస తారుమారైతే పిస్టన్ వదులుగా ఉండి మోగుతుంది, లేదా బిగుతుగా ఉండి నడుస్తుండగా పట్టేస్తుంది.

మేడ్చల్ నుండి సికింద్రాబాదుకు వచ్చే దారికి దగ్గరలోనే జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామిక వాడలు ఉండడం ఈ ప్రాంతం వారికి కలిసివచ్చే అంశం. 1968లో నెలకొల్పబడిన కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ బాలానగర్‌లోనే ఉంది. ఆ చుట్టుపక్కల చిన్న లేతు దుకాణాలు చాలా ఉన్నాయి. దొరకని బుష్షులు, పిన్నులు, స్పేసర్లు కొలత ఇచ్చి చేయించుకోవచ్చు. తయారైన విడిభాగాలకు సికింద్రాబాదు రాణిగంజ్ ప్రసిద్ధి. జావాకు ఇప్పుడు దొరికే కొత్త భాగాలలో నాసిరకం సరుకు ఎక్కువ. కొలతలు సరిపోయే పాత అసలు భాగం, కొంచెం అరిగినా, అనేక సందర్భాలలో మెరిసే కొత్త నకలు కంటే మేలు.

రెండు స్ట్రోకుల ఇంజనులో ఎక్కువమంది పట్టించుకోని భాగం క్రాంకు షాఫ్టు రెండు చివరల ఉండే రబ్బరు సీళ్ళు. ఈ ఇంజనులో క్రాంకు గది పంపు వలె పనిచేస్తుంది. పిస్టన్ పైకి పోయినప్పుడు గాలి, పెట్రోలు మిశ్రమాన్ని లోపలికి పీల్చుకొని, కిందికి వచ్చినప్పుడు పైకి నెడుతుంది. గాలి చొరబడకుండా మూసి ఉంటేనే ఇది సాధ్యం. దశాబ్దాలు గడిచేసరికి సీళ్ళ రబ్బరు బిరుసెక్కుతుంది. జావాలో ఎడమ వైపు క్లచ్, కుడి వైపు డైనమో ఉంటాయి. ఎడమ సీలు పోతే గేరుపెట్టె నూనె ఇంజనులోకి పీల్చబడి, బండి ఆగకుండా దట్టమైన పొగ వదులుతుంది, గేరు నూనె తగ్గిపోతుంది. కుడి సీలు పోతే బయటి గాలి చొరబడి మిశ్రమం పలుచబడుతుంది. ఇంజను విపరీతంగా వేడెక్కి, కొత్తగా బోరు కొట్టించిన పిస్టన్ కూడా పట్టేస్తుంది. ఈ రెండవది మరింత ప్రమాదకరం, ఎందుకంటే పొగ వంటి హెచ్చరిక ఏదీ ఉండదు. సీళ్ళు మార్చకుండా బండిని స్టార్టు చేసి, ఆ తరువాత కార్బొరేటర్‌ను నిందించేవారు అనేకులు. సీళ్ళ ఖరీదు మొత్తం ఖర్చులో అత్యల్పం.

బుల్లెట్‌లో ఈ సమస్య లేదు గాని, వాల్వులు తెరిచిన స్థితిలో బిగుసుకుపోవడం, పాత నూనె ముద్దలా గట్టిపడి నూనె దారులను మూసివేయడం సాధారణం. పాత నూనె పూర్తిగా తీసి, ఫిల్టరు కడిగి, కొత్త నూనె పోసి, స్టార్టు చేయకుండా ప్లగ్గు తీసి చాలాసేపు చేతితో తిప్పి, నూనె పైన రాకర్ల వరకు చేరినదని నిర్ధారించుకోవాలి.

ట్యాంకు, కార్బొరేటర్, నేటి పెట్రోలు

ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరమైనది. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. కనుక సబ్బు నీటితో పలుమార్లు కడగనిదే దాని దగ్గర వెల్డింగు, గ్రైండింగు చేయరాదు.

తుప్పు తీయడానికి నిమ్మ ఉప్పును వేడి నీటిలో కరిగించి ట్యాంకు నిండుగా పోసి ఒక రోజు ఉంచడం చవకైన పద్ధతి. మందమైన తుప్పు అయితే ముందుగా గుప్పెడు బోల్టులు వేసి కుదిపి రాల్చాలి. పని పూర్తయిన తరువాత చాకలి సోడా నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి, కొంచెం ఇంజను నూనె పోసి లోపలంతా పట్టేలా తిప్పాలి. తడిగా వదిలేస్తే గంటలలోనే తిరిగి తుప్పు కడుతుంది.

కార్బొరేటర్‌ను పూర్తిగా విప్పి శుభ్రం చేయాలి. జెట్లను ఇనుప తీగతో పొడవరాదు. జెట్టు ఇత్తడిది కనుక రంధ్రం పెద్దదై పెట్రోలు కొలత శాశ్వతంగా మారిపోతుంది. ద్రావకంలో నానబెట్టి గాలి కొట్టడం, తప్పనిసరి అయితే సన్నని రాగి పోగు వాడడం మంచిది.

ఈ బండ్లు తయారైన నాటి పెట్రోలు వేరు, నేటి పెట్రోలు వేరు. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. ఆ తరువాత పెట్రోలులో ఇథనాల్ కలపడం పెరుగుతూ, 2022 నాటికి 10 శాతానికి, 2025 నాటికి 20 శాతానికి చేరింది. 1990లలో నిలిచిపోయిన బండికి ఈ రెండు మార్పులూ తెలియవు. ఇథనాల్ పాత రబ్బరు పైపులను, వాషర్లను ఉబ్బించి మెత్తబరుస్తుంది, ట్యాంకు లోపలి పాత జిగురును కరిగించి జెట్లలోకి తెస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇథనాల్‌లో ఆమ్లజని ఉన్నందున అదే జెట్టుతో మిశ్రమం పలుచబడుతుంది. కనుక ఇథనాల్‌కు తట్టుకునే పైపులు వేయడం, అవసరమైతే ఒక అంకె పెద్ద జెట్టు వాడడం, బండి నడపని రోజులలో కార్బొరేటర్ ఖాళీ చేయడం తప్పనిసరి.

రెండు స్ట్రోకుల బండికి పెట్రోలులో నూనె కలపడం మరువరాదు. లీటరుకు 40 మిల్లీలీటర్లు కలిపితే 25కు 1 పాలు అవుతుంది. పాత ఇంజనుకు, ముఖ్యంగా కొత్త పిస్టన్ వేసినప్పుడు, ఇది సురక్షితమైన కొలత. ఒకప్పుడు పెట్రోలు బంకులో నూనె పంపు ఉండి అక్కడివారే కలిపేవారు. నేటి తరం యువకులకు ఈ అలవాటు లేకపోవడం వలన, తాతగారి జావాలో నేరుగా పెట్రోలు పోయించి ఇంజనును పాడుచేసుకునే ప్రమాదం ఉంది.

విద్యుత్ భాగాలు

పాత జావా, రాజ్‌దూత్ బండ్లు 6 వోల్టులవి. జావాలో స్పార్కుకు బ్యాటరీ అవసరం కనుక, బ్యాటరీ బలహీనంగా ఉంటే ఎంత కొట్టినా ఇంజను పలకదు. దశాబ్దాల తరువాత పాత బ్యాటరీ బాగుపడదు, కొత్తది వేయవలసిందే. కాంటాక్టు పాయింట్లపై నల్లని పొర కట్టి విద్యుత్తు ప్రవహించదు. సన్నని ఉప్పు కాగితంతో రుద్ది, పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచి, సందును సుమారు 0.4 మిల్లీమీటర్లకు సరిచేస్తే అనేక బండ్లలో ఆ రోజే స్పార్కు వస్తుంది. కండెన్సరును మాత్రం పరీక్షించకుండానే మార్చడం మంచిది. పాత కండెన్సరు చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, వేడెక్కగానే విఫలమవుతుంది. ఎలుకలు కొరికిన వైర్లకు టేపు చుట్టడం కంటే మొత్తం వైరింగు కొత్తగా వేయడం చవక.

బ్రేకులు, టైర్లు

గాడి లోతుగా ఉన్నప్పటికీ పాత టైర్లను వాడరాదు. రబ్బరు గట్టిపడి తడి రోడ్డుపై పట్టు ఉండదు. ట్యూబులు, కేబుళ్ళు, బ్రేకు షూలు మార్చాలి. ఆ కాలపు బ్రేకు లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పి లోపలి దుమ్మును నోటితోనో కంప్రెసరుతోనో ఊదడం ఊపిరితిత్తులకు ప్రమాదకరం. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయాలి.

రంగు, అసలుతనం

రంగు విషయంలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. బండిని కొత్తదానిలా మెరిపించాలన్నది ఒకటి. కంపెనీలో వేసిన రంగు ఎంత వెలిసినా దానిని కాపాడాలన్నది రెండవది. జావా ట్యాంకు పక్కన క్రోమియం పలకలు, బంగారు రంగు గీతలు ఆ బండికి గుర్తింపు. తిరిగి రంగు వేయడం ఎప్పుడైనా చేయవచ్చు గాని, గీకేసిన అసలు రంగును తిరిగి తేవడం సాధ్యం కాదు. కనుక ముందుగా మెత్తని గుడ్డతో, మైనంతో శుభ్రం చేసి చూడడం సమంజసం. ఇంజను తిరగక ముందే రంగు వేయించడం మాత్రం ఇరుపక్షాలవారూ అంగీకరించని పని. అలా మెరిసే రంగుతో, పట్టేసిన ఇంజనుతో మళ్ళీ కొట్టంలో నిలిచిపోయిన బండ్లు తక్కువేమీ కాదు.

పునరుద్ధరణకు హైదరాబాదులో పేరొందిన ఉదాహరణ మోటారు సైకిలు కాదు, కారు. నిజాముల కోసం తయారైన 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ చాలా కొద్ది దూరమే నడిచి, దశాబ్దాల పాటు మూలపడి, తరువాత పునరుద్ధరించబడి చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉంది.

పత్రాలు

యాంత్రికంగా బాగుపడిన బండి కూడా పత్రాలు లేకపోతే వాకిలి దాటరాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చింది. అంతకు ముందు నమోదైన బండ్ల సంఖ్యలలో మూడు ఆంగ్ల అక్షరాలు, నాలుగు వరకు అంకెలు ఉంటాయి. ఆ తరువాతవి రాష్ట్రం, జిల్లా సూచించే ఏ.పి. వరుసలో ఉన్నాయి. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు టి.ఎస్., 2024 మార్చి నుండి టి.జి. వరుసలు వచ్చాయి. మేడ్చల్‌లోని పాత బండి వివరాలు ఒకప్పటి హైదరాబాదు లేదా రంగారెడ్డి జిల్లా కార్యాలయపు కాగితపు రిజిస్టరులో ఉండి, కంప్యూటరులోకి ఎక్కకపోయి ఉండవచ్చు. అందువలన జిల్లాల మార్పు తెలిసి ఉండడం అవసరం. బండి ఏ ఏడాది, ఏ కార్యాలయంలో నమోదైనదో తెలిస్తేనే వెతకడం సాధ్యం.

సొంత వాడకపు బండికి నమోదు 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తరువాత ఫారం 25 ద్వారా ఐదేళ్ళ చొప్పున పొడిగించుకోవాలి. బండి తనిఖీకి చూపాలి. ఆర్.సి. పుస్తకం పోయి ఉంటే ఫారం 26 ద్వారా నకలు కోరాలి. బండి తండ్రి లేదా తాత పేరున ఉండి, వారు మరణించి ఉంటే వారసుని పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. దీనికి మరణ ధ్రువపత్రం, వారసత్వ ఆధారం కావాలి. అన్నదమ్ములు ఎక్కువగా ఉన్న ఇళ్ళలో ఇంజనును విప్పడం కంటే ఈ సంతకాలు సేకరించడమే కష్టమని అనుభవజ్ఞులు అంటారు. బండి మీద ఖర్చు మొదలుపెట్టక ముందే ఈ పని పూర్తి చేయడం వివేకం.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పురాతన వాహనాలకు ప్రత్యేక నియమాలు ప్రకటించింది. మొదటి నమోదు నుండి 50 ఏళ్ళు దాటి, చట్రం, ఇంజనులలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకు ఇవి వర్తిస్తాయి. కొత్తగా నమోదు చేయడానికి రుసుము 20,000 రూపాయలు, అది 10 ఏళ్ళు చెల్లుతుంది. పునర్నమోదుకు 5,000 రూపాయలు. అప్పటికే నమోదైన బండ్లు పాత సంఖ్యను ఉంచుకోవచ్చు. 1965 నాటి జావాకు ఈ అర్హత ఉంది. 1978లో కొన్న రోడ్‌కింగ్‌కు 2028 వరకు ఆగాలి. అయితే ఈ విధంగా నమోదైన వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే రోడ్డుపైకి తీసుకురావచ్చు, రోజువారీ ప్రయాణాలకు వాడరాదు. అంటే రోజూ పొలానికి వెళ్ళడానికి తాతగారి జావా కావాలనుకునేవారికి మామూలు నమోదు పొడిగింపే మార్గం.

పరీక్షా ప్రయాణం

మొదటిసారి స్టార్టు చేయడం ఆరుబయట, నిప్పు ఆర్పే సాధనం లేదా ఇసుక బకెట్టు పక్కన ఉంచుకొని చేయాలి. రెండు స్ట్రోకుల ఇంజను, నానబెట్టడానికి పోసిన నూనె కారణంగా, మొదట విపరీతంగా పొగ వదులుతుంది. పది నిమిషాలలో అది తగ్గాలి. తగ్గకపోతే పైన చెప్పిన ఎడమ సీలును అనుమానించాలి. రెండు నిమిషాలు నడిపి ఆపి, చల్లారిన తరువాత మళ్ళీ నడపడం, ఇలా రెండు మూడు రోజులు చేస్తే కొత్త భాగాలు ఒదుగుతాయి. హెడ్డు నట్లను, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, తిరిగి బిగించాలి.

బీమా, నమోదు సరిగా ఉన్న తరువాతనే రోడ్డు మీదికి రావాలి. బాహ్య వలయ రహదారి ప్రధాన మార్గంపై ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. దాని పక్కన ఉండే సర్వీసు రోడ్లు, ఊళ్ళ మధ్య దారులు మొదటి ప్రయాణాలకు అనుకూలం. 44వ జాతీయ రహదారిపై లారీల మధ్య పాత డ్రమ్ము బ్రేకులతో వెళ్ళడం తొలి రోజులలో మంచిది కాదు. మొదటి 500 కిలోమీటర్లు సగం వేగం మించకుండా, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనును శ్రమ పెట్టకుండా నడపాలి. ప్రతి ప్రయాణం తరువాత ప్లగ్గు విప్పి చూడాలి. దాని కొన లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్లు. నల్లగా, తడిగా ఉంటే పెట్రోలు లేదా నూనె ఎక్కువైనట్లు. తెల్లగా, పొడిగా ఉంటే మిశ్రమం పలుచబడినట్లు. అటువంటప్పుడు బండిని ఆపి, కుడి సీలును, జెట్టును చూడనిదే మరొక కిలోమీటరు కూడా నడపరాదు.